దొర పక్కన నిలబడే మనిషి

దొర ఒక మాట అని ఆగాడు. దేవసహాయం మాస్టారు ఆ మాటని తెలుగులో చెప్పి ఆగారు. మళ్లీ దొర, మళ్లీ మాస్టారు, ఒకే రోట్లో ఇద్దరు దంచుతున్నట్టు ఒక రోకలి లేస్తే ఒక రోకలి దిగుతూ. షామియానా కింద ఆడవాళ్ల వైపు, జంపఖానా మీద, గుంజకి వీపు ఆనించి కూర్చున్న రోసమ్మ చెంగు నెత్తి మీదికి లాక్కుని హమ్మయ్య అనుకుంది. నడిచిపోతోంది. ఇక ఈ గంటసేపూ ఆయనకి మాటలు అందించే పని దొరది, తనది కాదు. ఈ గంట తనది. కాళ్లు చాపుకుందామంటే ముందు ఎవరో ముసలమ్మ వీపుంది, పోనీలే, ముడుచుకున్న కాళ్లయినా ఒకచోట ఉన్నాయి, అదే పదివేలు. శనివారం సాయంత్రం, టీవీలో తెలుగు సినిమా వచ్చే వేళ, అయినా జనం బాగానే వచ్చారు, చిలకలగూడ వాళ్లే కాదు, బోయిగూడ నించీ, తిరుమలగిరి నించీ కూడా వచ్చి ఇటు ఆడవాళ్లూ అటు మగవాళ్లూ ప్రార్థన మందిరం ఆవరణ నిండా కూర్చున్నారు. వేపచెట్టుకి కట్టిన మైకులో ఆయన గొంతు ఇంటి గొంతులా లేదు. ఇంట్లో ఆ గొంతు ఎక్కడ ఆగుతుందో తెలీదు, ఎటు పోతుందో తెలీదు. ఇక్కడ చూడు, నిగనిగలాడుతోంది. స్టేషన్ వైపు ఏదో బండి కూత వేసింది, దొర ఆగాడు, మాస్టారూ ఆగారు, కూత అయిపోయాక ఇద్దరూ మళ్లీ అందుకున్నారు. చూశావా, ఎంత తెలివిగా ఆగారో, అని రోసమ్మ ఎవరికో చెప్పుకుంటున్నట్టు మనసులో అనుకుంది. ఎవరికి చెప్పుకుంటుంది, ఎవరికీ చెప్పలేదుగా. వైజాగులో నర్సుగా ఉన్న కూతురికే చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

ఇంగ్లీషు ఆవిడకి రాదు. నరసాపురంలో మిషన్ బళ్లో ఐదు దాకా చదివి మానేసిన చదువు, అందులో ఇంగ్లీషు అక్షరాలే సగం మరిచిపోయింది. కానీ ఈ ఊపు తెలుసు. పెళ్లయి సికింద్రాబాదు వచ్చిన కొత్తలో, తిరుమలగిరి బడి నించి సైకిలు మీద వచ్చి, చెమటైనా తుడుచుకోకుండా వసారాలో నల్లబల్ల ఆనించి ఆయన పిల్లలకి పాఠం చెప్పేవారు, పటాలంలో పని చేసేవాళ్ల పిల్లలూ, రైల్వే వాళ్ల పిల్లలూ, ఇంగ్లీషులో తప్పినవాళ్లందరూ. గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ ఆవిడా వినేది. పీటర్ కాట్ ఫిష్ అని రాసేవారు. ఎవర్రా ఇక్కడ ఉన్నది అని అడిగేవారు. పీటరండీ. అయితే పీటరు కింద ఒక గీత. పీటరు ఏం చేశాడు? పట్టాడండీ. దాని కింద రెండు గీతలు, వాక్యానికి అదే ప్రాణం, దానికి ఒక్క గీత చాలదు. ఏం పట్టాడు? చేపండీ. చేప చుట్టూ పెట్టె. ఆవిడకి ఉండబట్టక ఒకసారి గుమ్మంలోంచే అడిగేసింది, చేపకి పెట్టె ఎందుకండీ అని. పిల్లలందరూ తిరిగి చూశారు. ఆయన నవ్వకుండా, దొరికిన చేపని వదిలేస్తారుటే, పెట్టెలో వెయ్యకపోతే మళ్లీ నీళ్లలోకి దూకుతుంది అన్నారు. అప్పుడు నవ్వారు పిల్లలు. ఎంత పెద్ద వాక్యం వచ్చినా భయపడకండ్రా, అందులో మూడే ఉంటాయి, ఎవరు, ఏం చేశారు, దేన్ని, మిగతాదంతా పెళ్లికొచ్చిన చుట్టాలే, వాళ్లని తర్వాత పలకరించొచ్చు అనేవారు. ఆ రాత్రి అన్నం పెడుతుంటే అసలు సంగతి చెప్పారు. ఇంగ్లీషువాడు తొందరమనిషి రోసమ్మా, మనిషి పేరు చెప్పగానే వాడేం చేశాడో చెప్పేస్తాడు. మనం నిదానస్తులం. మనిషినీ వస్తువునీ ముందు కూర్చోబెట్టి, జరిగిన పనిని చివర్న చెప్తాం. దొర పక్కన నిలబడ్డవాడు ఆ పనిని జేబులో దాచుకుని, మిగతాదంతా చెప్పి, ఆఖర్న తియ్యాలి. జేబు చిరిగిందా, కూటం కూటమంతా నోరు తెరుచుకుని చూస్తుంది. అలా అని పులుసు కలుపుకున్నారు. అప్పట్లో ఆయన జేబు ఎంత గట్టిదని. అర పేజీ వాక్యం చెప్పినా ఆ దొరల మాటలో ఒక్క గింజ కింద పడనిచ్చేవారు కాదు.

ఎంతమంది దొరలు. పొడుగాటివాళ్లు, పొట్టివాళ్లు, గడ్డపు దొర ఒకాయన, చేతులు ఊపుతూ ఊపుతూ ఈయన కళ్లజోడు ఎగరగొట్టిన దొర ఒకాయన. వాళ్లు నేను అంటే ఈయనా నేను అనాలి, అది పద్ధతి. దొర ఇలా అంటున్నాడు, అలా అంటున్నాడు అని చెప్పకూడదు, ఏకంగా ఆ మనిషే అయిపోవాలి. నేను మంచు కురిసే ఊళ్లో పుట్టాను అనేవారు మాస్టారు, నల్లటి నరసాపురం మొహం పెట్టుకుని. మా నాన్న బొగ్గుగనిలో చచ్చిపోయాడు అనేవారు. నేను యుద్ధంలో కాలు పోగొట్టుకున్నాను అని రెండు కాళ్ల మీదా నిలబడి చెప్పేవారు. ఇంటికి వచ్చాక ఆవిడ ఏడిపించేది, ఎన్ని ఊళ్లలో పుట్టారండీ మీరు, మీకు ఎంతమంది నాన్నలండీ అని. ఆయన బూట్లు విప్పుకుంటూ, ఏం చెయ్యను, నా కథ చెప్పమని ఎవరూ అడగరు అనేవారు. నవ్వుతూనే అనేవారు. ఆ మాట ఆవిడ అప్పట్లో పట్టించుకోలేదు. మగవాళ్లు సవాలక్ష అంటారు.

ఇప్పుడు ఆయన బూట్లు ఆవిడే విప్పుతుంది. పొద్దున తొడిగేదీ ఆవిడే. తొడుగుతుంటే ఆయన కాలు ముందుకి పెట్టి, ఎవరో పరాయి ఇంట్లో ఉన్నట్టు మర్యాదగా కూర్చుంటారు. పోయిన వేసవిలో మొదలైంది ఇది. ఒకరోజు కాఫీ గ్లాసు అందుకుని, వందనాలమ్మా, మీకు శ్రమ ఇచ్చాను అన్నారు. పెళ్లయిన దగ్గర్నించీ ఒసే అనీ ఏమే అనీ రోసమ్మా అనీ పిలిచిన మనిషి, మీరు అన్నారు. ఆవిడ వేళాకోళం అనుకుని, పర్లేదులెండి దొరగారూ అంది. ఆయన నవ్వలేదు. గ్లాసు వంక చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత రోజు మామూలే, ఏమే ఉప్మాలో ఉప్పెక్కడే అని అరిచారు, ఆ అరుపు వింటే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అలా ఒకరోజు అరుపు, ఒకరోజు అమ్మా. రాను రాను అరుపులు తగ్గిపోయాయి. పొద్దున ప్రార్థనకి కూర్చుంటే, తండ్రీ, ఈ ఇంటినీ, ఈ పలహారాన్నీ, ఈ పొయ్యినీ, ఆ కిటికీనీ, కిటికీ మీది పిచ్చుకనీ, అంటూ కంటికి కనబడినవన్నీ చెప్పుకుంటూ పోతారు, ఏం చెయ్యమంటున్నారో ఆ మాట మాత్రం రాదు. ఉప్మా చల్లారిపోతుంది. ఆవిడే దీవించుము అని అందిస్తుంది. ఆయన దీవించుము, ఆమెన్ అని, ఒడ్డు చేరినవాడిలా ఊపిరి తీసుకుంటారు. ఇంక ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టింది, ఆయన పాఠమే ఆయనకి అప్పజెప్పడం. ఎవరొచ్చారండీ? పాలవాడు. ఏం చేశాడు? పోశాడు. ఏం పోశాడు? పాలు. భలే. తప్పు లేకుండా చెప్పినప్పుడు ఆయన మొహం మొదటి బల్ల మీద కూర్చునే పిల్లాడి మొహంలా వెలిగేది. కానీ ఎన్నిసార్లు. తలుపు కొట్టిన ప్రతివాడికీ, కూసిన ప్రతి బండికీ, పొద్దున లేచిన దగ్గర్నించీ పడుకునేదాకా, ఎవరు ఎవరు ఎవరు, ఏం చేశారు ఏం చేశారు. దేవుడా, ఒక్కోసారి స్నానాలగదిలో తలుపేసుకుని నీళ్లు పోసుకోకుండా ఊరికే నిలబడుతుంది, ఎవరూ ఏమీ చెయ్యని చోటు అదొక్కటే అని.

అందుకే గదా గురువారం అబ్రహాం అయ్యగారు వస్తే బతిమాలింది. అయ్యగారు మంచి మనిషి, వయసులో చిన్నవాడు, మందిరం బాధ్యతంతా ఆయన మీదే, వాకిట్లోనే నిలబడి గొంతు తగ్గించి మాట్లాడాడు. లోపల మాస్టారు రేడియోకి చెవి ఆనించుకుని కూర్చున్నారు, రేడియో పెట్టలేదు.

"రోసమ్మగారూ, పోయిన వారం ప్రార్థన చేస్తూ చేస్తూ మాస్టారు మధ్యలో ఆగిపోయారు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు గనక సరిపోయింది. మౌన ప్రార్థన అనుకున్నారు."

"ఆరోజు ఆయనకి గొంతులో కఫం అడ్డం పడిందండీ, అయ్యగారూ."

"అయ్యుండొచ్చండీ. కానీ శనివారం వచ్చే దొరగారు కొత్త. ఆయన మాటకి ఈసారి దేవకృప చేత తర్జుమా చెప్పిద్దాం. మాస్టారి దగ్గర చదువుకున్న పిల్లే కదా, ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెప్తోంది. మాస్టారిని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెడదాం, శాలువా కప్పుదాం."

రోసమ్మ వెనక్కి తిరిగి లోపలికి చూసింది. శాలువా కప్పారంటే ఇక అయిపోయిందన్నమాటే. "ఈ ఒక్కసారికండీ" అంది. "అక్కడ నిలబడితే ఆయనకి అన్నీ వస్తాయి. దొర పక్కన ఉంటే ఆయన మామూలు మనిషండీ, మీరే చూద్దురు గాని." అబద్ధం కాదది. అయినా అన్న కారణం వేరు, అడిగిన కారణం వేరు. ఆయనకి ఆ గంట కావాలి, నిజమే. తనకీ కావాలి. ఎవరో ఒకరు, తెల్లవాడో నల్లవాడో, వాక్యం వెంబడి వాక్యం ఆయన చేతికి అందిస్తూ ఉంటే, తను గుంజకి ఆనుకుని ఊరికే కూర్చునే ఒక్క గంట. అది కూడా పోతే ఇంక ఆ ఇల్లూ, ఆ వసారా, ఆ ఎవరు ఎవరు. అయ్యగారు కాసేపు చెప్పుల వంక చూసి, సరేనండీ, ప్రార్థన చేద్దాం అని వెళ్లిపోయాడు. ఆ సరేలో ఎంత భయం ఉందో ఆవిడకి వినిపించింది. పాపం ఆయనా ఎవరికో జవాబు చెప్పుకోవాలి. ఇవాళ ఇక్కడ గాని బండి పట్టాలు తప్పిందంటే, పదిమందిలో ఆయన పరువు పోతుంది, పట్టుబట్టి నిలబెట్టినందుకు ఆ పాపం తనదే అవుతుంది.

ఏం తప్పదులే. చూడు ఎలా చెప్తున్నారో. దొర ఇవాళ ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి ఎత్తుకున్నాడు. ఫీట్, వాష్, వాటర్, వసారాలో విన్న మాటలే, ముత్యాల్లా అక్కడొకటి ఇక్కడొకటి ఆవిడకి అందుతున్నాయి. అంత గొప్పవాడు నడుముకి తువ్వాలు చుట్టుకున్నాడు అన్నారు మాస్టారు. స్తోత్రం, అన్నారు జనం. వంగాడు అన్నారు. స్తోత్రం. పక్కనే కూర్చున్న మార్త, బోయిగూడలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మార్త, మోచేత్తో పొడిచి, "సార్ మస్తు చెప్తుండక్కా ఇయ్యాల. దొరకంటె సారే మంచిగున్నడు" అంది. రోసమ్మ నవ్వి ఊరుకుంది. కళ్లు మూతలు పడుతున్నాయి. ఎప్పుడో ఇలాగే ఒక కూటంలో, గడ్డపు దొర అనుకుంటా, ముచ్చటపడి నేర్చుకుని మధ్యలో తెలుగులో, మీ అందరికీ నా వందనాలు అన్నాడు. ఈయన పరధ్యానంలో ఉండి, అలవాటుగా దాన్ని తీసుకెళ్లి ఇంగ్లీషులో చెప్పేశారు, దొరకేసి తిరిగి కాదు, జనంకేసి తిరిగి. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు, తర్వాత షామియానా ఎగిరిపోయేటట్టు నవ్వారు. దొర నవ్వాడు. ఈయన నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ రోజుల్లో తప్పంటే తప్పే. ఇంటికి తెచ్చుకుని వారం రోజులు నవ్వుకునే వస్తువు. ఇప్పుడు ఆయన ఒక మాట తప్పితే ఎవరైనా విన్నారేమోనని ఆవిడ చుట్టూ చూస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏమైందో, ఎప్పుడైందో. బియ్యం ఏరుతూ ఏరుతూ తలెత్తి చూసేసరికి పిల్లలందరూ లేచి వెళ్లిపోయి ఒక్క నల్లబల్ల మిగిలినట్టుంది.

మైకులో ఏమీ వినబడటం లేదు.

కళ్లు తెరిచింది. దొర ఆగి ఉన్నాడు. మాస్టారూ ఆగి ఉన్నారు. దొర పెద్ద వాక్యం చెప్పి ఉంటాడు, చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. మాస్టారు ముందుకి చూస్తున్నారు, ఎవరికేసీ కాదు. ఎవరు, అని రోసమ్మ లోపల్లోపల అంది. ఎవరండీ, చెప్పండి. పెదాలు కూడా కదిలాయేమో. ఏం చేశారు. ఇంతదూరం నించి ఎలా అందించేది. జనం ప్రార్థనేమో అనుకుని తలలు వంచారు. దొర మెల్లగా ఆ వాక్యమే మళ్లీ అన్నాడు. మాస్టారు తల ఊపారు, అర్థమైందన్నట్టు, చాలా మర్యాదగా. ఊపి, మైకు దగ్గరికి జరిగి, అన్నారు. "ఒకావిడ ఉంది."

దొర ఆవిడ అనే మాటే అనలేదు. షీ అంటే ఆవిడ, అది రోసమ్మకి తెలుసు, అది రాలేదు. పన్నెండుమంది శిష్యుల కథలో ఆవిడ ఎవరు.

"ఆవిడ పొద్దున్నే వస్తుంది. నా కాళ్లకి మేజోళ్లు తొడుగుతుంది. బూట్లు తొడుగుతుంది. తాళ్లు కడుతుంది. వంగినప్పుడు ఆవిడ నడుము పట్టేస్తుంది, అమ్మా అని అనుకుంటుంది, నాకు వినబడుతుంది."

స్తోత్రం, అన్నారు ఎవరో అలవాటుగా. దొర మాట్లాడబోయి, మాస్టారు ఇంకా ఆపలేదని చూసి ఊరుకున్నాడు. మార్త ఆవిడ చెవి దగ్గరికి వంగింది. "ఏందక్కా? దొర ఇంక నోరే తెరవలే, సార్ ముందే షురూ చేసిండు." మగవాళ్ల వైపు ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. వేదిక పక్కన అబ్రహాం అయ్యగారు కుర్చీలోంచి లేచాడు. లేచి ఒక్క అడుగు వేసి ఆగాడు, వెంటనే ఎక్కి మైకు తీసేసుకోలేదు, ఆ మర్యాద ఉంది ఆయనకి. పాటలు పాడే పిల్లల మధ్య నించి దేవకృప కూడా లేచింది. ఆ పిల్ల అయ్యగారి వైపు చూడలేదు, దొర వైపు చూడలేదు. అంత జనంలో ఆడవాళ్ల వైపు వెతికి వెతికి, గుంజ దగ్గరున్న రోసమ్మని పట్టుకుంది. చూసి, ఏం చెయ్యమంటారు అన్నట్టు ఆగింది.

ఏం చెయ్యమంటుంది. ఆపించెయ్యమంటే ఆపించేస్తుంది. సార్‌కి ఒంట్లో బాగాలేదు అని ఒక మాట అని, మైకు తీసుకుని, దొర మాటని ఆ పిల్లే అందుకుంటుంది, బాగా అందుకుంటుంది. అందరూ కఫం అనుకుంటారు, ఎండదెబ్బ అనుకుంటారు. ఇంటికి తీసుకుపోయి బూట్లు విప్పి మళ్లీ తలుపు వేసుకోవచ్చు. ఏడాదిగా చేస్తున్నదే. తలుపు వెయ్యడం, అబద్ధం ఆడటం, దీవించుము అని అందించడం. ఇంకో ఏడాది చెయ్యాలి, ఆపైన ఇంకో ఏడాది. రోసమ్మకి ఒక్కసారిగా ఎంత అలుపొచ్చిందంటే, ఆ తలుపు రెక్క ఇక కదపడానికి కూడా తన చేతుల్లో సత్తువ లేదనిపించింది. ఇంతమందిలో ఆయన తన మాట తను చెప్తున్నారు. మంచు కురిసే ఊరు కాదు, బొగ్గుగని కాదు. చెప్పనీ. రోసమ్మ దేవకృపకేసి చూసి, చెయ్యి కొంచెం పైకెత్తి, పైకి వెళ్లమన్నట్టు వేదిక వైపు చూపించింది.

దేవకృప వేదిక ఎక్కింది. మైకు తీసుకోలేదు. మాస్టారికీ దొరకీ మధ్య, మాస్టారికి ఒక అడుగు వెనగ్గా, ఆయన ఎన్నో ఏళ్లు నిలబడ్డ ఆ చోటనే నిలబడి, దొర వైపు తిరిగి, ఆయన అన్నదాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క మాట తొణకలేదు. దొర ఆశ్చర్యపోయి విన్నాడు. విని, మాస్టారి వైపు తిరిగి, చేతులు కట్టుకుని ఒక అడుగు పక్కకి జరిగాడు. మైకు ముందు మాస్టారు ఒక్కరే అయ్యారు.

పక్క నించి తన మాట ఇంగ్లీషై వినబడగానే మాస్టారి భుజాలు నిటారుగా అయ్యాయి. ఒక మాట అని, పక్కవాళ్లు చెప్పేదాకా ఆగడం ఆయన ఎముకల్లో ఉన్న అలవాటు. ఆగారు. ఆ ఆగడంలో తరవాతి మాట దొరికినట్టుంది. మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, తల తెగకుండా, తోక తెగకుండా, నిండు వాక్యాలు, ఇంట్లో ఎన్నాళ్లుగానో ఆవిడ వినని వాక్యాలు.

"ఆవిడ నన్ను ప్రశ్నలు అడుగుతుంది." దేవకృప చెప్పింది. "నేను జవాబు చెబితే సంతోషపడుతుంది. అందుకని చెప్తాను." దేవకృప చెప్పింది. "ఆవిడెవరో ఒక్కోరోజు నాకు తెలుస్తుంది. ఒక్కోరోజు తెలీదు. పేరు అడగాలంటే సిగ్గు. అంత చేస్తున్న మనిషిని పట్టుకుని నువ్వెవరు అని ఎలా అడుగుతాం?"

ఆడవాళ్లలో ఎవరో ముక్కు చీదారు. ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. ఒక్కొక్క తలే గుంజ వైపు తిరగడం రోసమ్మకి చూడకుండానే తెలుస్తోంది, ఎండ తిరిగినట్టు. తల దించుకుంది. సిగ్గనుకుంది మొదట. సిగ్గు కాదు. ఆయనకి తెలుసన్నమాట. ఆవిడ నడుము పట్టేయడం తెలుసు. పాలవాడు, పోశాడు, పాలు, ఆ ఆట ఆవిడ కోసం ఆయన ఆడుతున్నారు, ఆయన కోసం ఆవిడ ఆడుతోందనుకుంది. ఇద్దరూ ఒకరికొకరు పాఠం అప్పజెప్పుకుంటూ ఏడాదంతా గడిపేశారు, ఒకరి అలుపు ఒకరికి కనబడకుండా. కనబడకుండా ఏం, కనబడుతూనే ఉంది ఆ మనిషికి. పేరు పోయింది, పెళ్లి పోయింది, నరసాపురం పోయింది, అలుపు ఒక్కటీ కనబడుతోంది.

మార్త చప్పుడు చెయ్యకుండా రోసమ్మ చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. సూదిపోట్లు పడిన గరుకు వేళ్లు. "గింత తక్లీఫ్ అయితుంటే ఒక్క మాట చెప్పకపోతివి అక్కా" అంది. "మేం లేమా? బోయిగూడ ఏమన్న దుబాయా?"

"ఏం చెప్పనే" అంది రోసమ్మ.

మాస్టారు ఆగిపోయారు. ఈసారి దేవకృప చెప్పడం ఎప్పుడో అయిపోయింది, అయినా ఆయన ఆగి ఉన్నారు. పైన గొట్టంలైటు చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి. దేవకృప తొందరపెట్టలేదు. చేతులు కట్టుకుని, ఎంతసేపైనా పరవాలేదన్నట్టు నిలబడింది. దొర నిలబడ్డాడు. అయ్యగారు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి అలాగే ఉన్నాడు. జనంలో ఎవరూ స్తోత్రం అనలేదు, దగ్గలేదు. మాస్టారు కళ్లజోడు తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నారు. ఆడవాళ్ల వైపు అంతా ఒకసారి చూశారు, ఒక్క మొహం మీద కూడా నిలవకుండా, గుంజ దగ్గరి మొహం మీద కూడా నిలవకుండా. అప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లని ఇంత ఉప్పో పప్పో అడుగుతున్నట్టు, చాలా మామూలుగా అన్నారు.

"ఆవిడ బాగా అలిసిపోయింది. మీలో ఎవరైనా ఆవిడ్ని కాసేపు కూర్చోబెట్టండి."

దేవకృప ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. చెప్పింది. మాస్టారు అది అయ్యేదాకా విని, సరిగ్గానే చెప్పావన్నట్టు తల ఊపారు. ఊపి, ఇక చెప్పేదేం లేనట్టు మైకు దగ్గర నించి వెనక్కి జరిగారు. వేదిక అంచు అక్కడే ఉంది. మెట్లు, ఆయనకి మెట్లు తెలీవు, చివరి మెట్టు దగ్గర కాలు వెతుక్కుంటారు, కుడిచెయ్యి పట్టుకుంటే విదిలిస్తారు, ఎడమచెయ్యి పట్టుకోవాలి, ఇవన్నీ వాళ్లకేం తెలుసు. రోసమ్మ జంపఖానా మీద చెయ్యి ఊని సగం లేచింది. మార్త భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది, బలంగా, కాస్త కోపంగా.

"యాడికి? కూసో. గంత మంది ఉన్నరు, దింపుకుంటరు."

"ఎడమ చెయ్యి పట్టుకోవాలే, కుడిచెయ్యి పట్టుకుంటే..."

"ఏదో ఒక చెయ్యి పట్టుకుంటరు తియ్యి. కూసో నువ్వు."

ఒకవైపు దేవకృప, ఒకవైపు దొర, కింద నించి చేతులు చాపి అబ్రహాం అయ్యగారు. కుడిచెయ్యే పట్టుకున్నారు. ఆయన విదిలించారు, దేవకృప వదిలేసి మళ్లీ పట్టుకుంది, ఆయన ఒక మెట్టు దిగి ఆగారు, రెండో మెట్టు మీద కాలు వెతుక్కున్నారు. ఆ దొర అంత ఎత్తు మనిషి వంగి, ఆయన బూటు పట్టుకుని మెట్టు మీద పెట్టాడు. మగవాళ్లలోంచి ఎవరెవరో లేచి వస్తున్నారు, తిరుమలగిరి బళ్లో చదువుకున్నవాళ్లు, నెత్తిన జుట్టు పలచబడిన పెద్దవాళ్లు, సార్ సార్ అంటూ. ఇక ఆయన ఆ వేదిక ఎక్కరు. రోసమ్మకి అది తెలుసు. ఇంటికి వెళ్లాలి, అన్నం కలిపి పెట్టాలి, రేపు పొద్దున పాలవాడు వస్తాడు. అవన్నీ తెలుసు. అటే చూస్తూ, గుంజకి తల ఆనించి, ముందు కూర్చున్న ముసలమ్మ పక్కకి జరిగి చోటిస్తే మెల్లగా కాళ్లు చాపుకుని, రోసమ్మ కూర్చుంది.